చలికాలం లేని ఊళ్ళో పెసరకట్టు

సింగపూర్‌లో చలికాలం లేదు. ఏడాది పొడుగునా పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి ఫ్యాను తిరగాల్సిందే. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్య రుతుపవనాలు వచ్చి ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ఎడతెగని ముసురు పడుతుంది. ఇక్కడివాళ్ళకు అదే చలికాలం. బీరువాల్లో అడుగున పడున్న స్వెట్టర్లు బయటికొస్తాయి. ఈ దేశం రికార్డుల్లో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత 19.4 డిగ్రీలు, అదీ 1934 జనవరిలో. కైకలూరులో కొల్లేటి గాలికి పుష్యమాసం రాత్రుళ్ళు ముసుగుతన్ని పడుకుని పెరిగినదాన్ని, నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది.

2018 సంక్రాంతి ముందు ఇక్కడ వాన పట్టుకుంది. 22 డిగ్రీల దాకా దిగింది. ఆ వారం క్లెమెంటిలో మా ఇంట్లో, కిటికీలన్నీ బిగించి, రెండు దుప్పట్లు కప్పుకుని, మా ఆయన మేజోళ్ళు తొడుక్కుని కూడా నేను వణికాను. ఒంట్లో కండ లేకపోతే 22 డిగ్రీలు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం. మెడ చుట్టూ కాలి, నల్లబడి, పొరలుగా ఊడుతున్న చర్మం. నోట్లో పుళ్ళు. ఆకలి అనేది మనిషికి ఒకటుంటుందన్న సంగతే మరిచిపోయాను.

ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే జబ్బు గురించి తక్కువ చెబుతాను, తిండి గురించి ఎక్కువ. జబ్బు సంగతి డాక్టర్లు చూసుకున్నారు. తిండి మా వంటింటి మీద పడింది.

2017లో ఎడమ దవడ కింద నొప్పిలేని గడ్డ కనిపించింది. పరీక్షలయ్యాక టాన్సిల్ క్యాన్సర్ అన్నారు. పొగాకు ముట్టనివాళ్ళకు కూడా ఒక రకం వైరస్ వల్ల ఇది వస్తుందని, ఆపరేషన్ అక్కర్లేకుండా రేడియేషన్‌తో, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందుతో తగ్గే అవకాశం బాగా ఉందని చెప్పారు. ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే మోతాదు 70 గ్రే. దాన్ని 35 భాగాలు చేసి, శని ఆదివారాలు వదిలి, ఏడు వారాలు ఇస్తారు. మొదలుపెట్టే ముందు పుచ్చిపళ్ళేమైనా ఉంటే పీకేస్తారు, ఎందుకంటే రేడియేషన్ తగిలిన దవడ ఎముక తర్వాత పన్ను పీకితే సరిగ్గా మానకపోవచ్చు. వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలను మొహం మీద పరిచి, గట్టిపడేదాకా నొక్కి, తొడుగు తయారుచేస్తారు. రోజూ ఆ తొడుగుతో తలను బల్లకు బిగించి పడుకోబెడతారు. యంత్రం కిందకు వెళ్ళిన ప్రతిసారీ పావుగంట కూడా పట్టదు. అక్కడ నొప్పి ఏమీ ఉండదు. నొప్పి అంతా ఇంటికొచ్చాకే.

క్లెమెంటి నుంచి రైల్లో బ్యోనా విస్టా వెళ్ళి, అక్కడ సర్కిల్ లైను మారితే కెంట్ రిడ్జ్. ఆసుపత్రి స్టేషన్ మీదే. ఈ ఊరి రైళ్ళలో తింటే, తాగితే జరిమానా, 500 డాలర్ల దాకా వేస్తారు. మంచినీళ్ళు తాగినా ఒప్పుకోరు. ఇదివరకు అది చాదస్తం అనుకునేదాన్ని. సిస్‌ప్లాటిన్ మొదలయ్యాక సింగపూర్ మొత్తంలో తిండి వాసన లేని చోటు నాకు రైలుపెట్టె ఒక్కటే. స్టేషన్ దిగితే క్లెమెంటి మాల్ కింద రొట్టెల వాసన, ఇంకాస్త నడిస్తే 448వ బ్లాకు మార్కెట్‌లో వేగుతున్న వెల్లుల్లి వాసన, లిఫ్టు దగ్గరికొస్తే ఎవరింట్లోనో కొబ్బరిపాలలో ఉడుకుతున్న అన్నం వాసన. ఊపిరి బిగబట్టి ఇంటికి చేరేదాన్ని. ఇంట్లో పోపు మానేశాం. ఈ ఫ్లాట్లలో వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉన్నా, ఆవాలు చిటపటలాడితే పడగ్గది దాకా తెలుస్తుంది.

మొదటి వారంలో ఏమీ తెలియలేదు. రెండో వారంలో రుచి పోవడం మొదలైంది. చప్పగా అవుతుందనుకుంటే అలా కాదు, తప్పుగా అవుతుంది. పంచదార నోట్లో వేసుకుంటే ఇనుము నాకినట్టుంది. ఉప్పు చేదెక్కింది. తర్వాత లాలాజలం తగ్గింది. మామూలు మనిషికి రోజుకు లీటరు దాకా ఊరుతుందట, ఊరుతున్నన్నాళ్ళూ దాని గురించి ఎవరూ ఆలోచించరు. నాకు మిగిలింది జిగురు, తీగలా సాగే జిగురు, అది రాత్రిపూట గొంతులో అడ్డంపడి దగ్గుతో లేపేది. మూడో వారం దాటాక పుళ్ళు. చెంపల లోపల, నాలుక పక్కన, గొంతు వెనక. గ్లాసు నీళ్ళలో కాస్త ఉప్పు, కాస్త వంటసోడా వేసి గంటగంటకూ పుక్కిలించేదాన్ని. భోజనానికి ముందు నోరు మొద్దుబారే మందు. ఆ మొద్దు ఉన్న కాసేపట్లోనే ఏదైనా మింగెయ్యాలి.

అమ్మ అప్పుడే కైకలూరు నుంచి వచ్చింది. విజిట్ పాస్ పొడిగించుకుంటూ ఉండిపోయింది. డెబ్బై దాటిన మనిషి, విమానం ఎక్కడం అదే మొదలు, సంచిలో మాత్రం మిరియాలు, వాము, శొంఠి, పాత బియ్యం, ఇంటి నెయ్యి. జ్వరం తగిలి అన్నం సయించని ప్రతివాళ్ళకూ మా ఊళ్ళో మందు ఒక్కటే, మిరియాల చారు. నాకు చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే ఆ చారుతోనే పథ్యం పెట్టి లేపింది. దిగిన మర్నాడే చింతపండు నానేసింది. ఆ చారు ఎంత బాగా కాచిందో రంగు చూస్తే తెలుస్తోంది. ఒక్క చెంచా నోట్లో పడగానే కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. పుండు మీద చింతపండు, మిరియం. బేసిన్ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చారు కూడా పనికిరాని జబ్బు ఉంటుందని ఆవిడ ఎరగదు.

ఇండియా నుంచి ఫోన్లు. అందరూ మంచివాళ్ళే. "లంకణం పరమౌషధం అమ్మా, పొట్టకు విశ్రాంతి ఇవ్వు," అని ఒక పెద్దాయన. ఆ మాట అజీర్తికి, చిన్న జ్వరానికి సరిపోతుందేమో. రేడియేషన్ మధ్యలో ఉన్నవాళ్ళు దాన్ని చెవిన వేసుకోకూడదు. బరువు తగ్గితే మొహం సన్నబడుతుంది, తొడుగు వదులవుతుంది, కిరణాలు పడాల్సిన చోటు తప్పొచ్చు. అవసరమైతే కొత్త తొడుగు చేసి లెక్కలన్నీ మళ్ళీ కట్టాలి. పుళ్ళు మానడానికి మాంసకృత్తులు కావాలి. ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలు కాగితం మీద వేసి చూపించింది: కిలో బరువుకు రోజుకు 30 క్యాలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 1,800 క్యాలరీలు, 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు. ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా నేను అంత మాంసకృత్తులు తిని ఉండను.

అప్పుడు మా ఆయన అడిగాడు, సూప్ ఇవ్వొచ్చా అని. ఆవిడ చెప్పింది నాకు బాగా గుర్తు. కూరగాయలు మరగబెట్టి వడగట్టిన తేటనీళ్ళు గొంతుకు హాయిగా ఉంటాయి, కానీ వాటిలో ఏమీ ఉండదు. పొట్ట చిన్నదైపోయినప్పుడు ఆ చోటును నీళ్ళతో నింపెయ్యకండి. సూప్ చేస్తే అందులో పప్పో, గుడ్డో, బంగాళాదుంపో, నెయ్యో ఉండాలి. జారాలి, ముక్కలుండకూడదు, వేడిగా ఉండకూడదు. పులుపు, కారం, టమాటా, అల్లం, వెల్లుల్లి, మిరియం, ఇవేవీ వద్దు. పుల్లటి మజ్జిగ కూడా వద్దు.

ఆ జాబితా విని మా ఆయన, "తెలుగు వంటింట్లో ఇంకేం మిగిలింది?" అన్నాడు. అమ్మకు తెలుగులో చెప్పాక ఆవిడ కాసేపు ఆలోచించి, "పెసరకట్టు," అంది.

పెసరకట్టు అంటే మా వైపు చంటిపిల్లలకు అన్నప్రాశన అయ్యాక పెట్టేది, ముసలివాళ్ళకు పళ్ళూడాక పెట్టేది. మధ్య వయసులో ఎవరూ దాన్ని పట్టించుకోరు. పెళ్ళిపందిట్లో వడ్డించరు, చుట్టాలొస్తే చెయ్యరు. ఇంటి వంటల్లో నాకు ఆ నెలల్లో నోట్లోంచి గొంతు దిగినది అదొక్కటే.

ఎలా చేశారో వివరంగా రాస్తాను. ఇలాంటి సమయంలో ఎవరూ వంటల పుస్తకంలో ఉన్నట్టు చెయ్యలేరు.

చాయపెసరపప్పు, పొట్టు లేనిది, 50 గ్రాములు. దాని కోసం లిటిల్ ఇండియా దాకా వెళ్ళక్కర్లేదు, క్లెమెంటి సూపర్‌మార్కెట్‌లో చైనీస్ సరుకుల వరసలోనే దొరుకుతుంది. పప్పును పొడి మూకుట్లో వేయించి, వాసన రాకముందే దించేసేవాళ్ళు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకైతే కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి, నాకు ఆ కమ్మదనమే పడేది కాదు. అందులో ఒక చెంచా పాత బియ్యం, తొక్కతీసి గింజలు తీసేసిన సొరకాయ ముక్కలు గుప్పెడు. సొరకాయ 448 మార్కెట్‌లో దొరికేది, అది లేని రోజు బూడిదగుమ్మడి. చిటికెడు పసుపు. పప్పుకు ఆరు రెట్లు నీళ్ళు. కుక్కర్లో మామూలుకన్నా రెండు కూతలు ఎక్కువ రానివ్వాలి, పప్పు వేళ్ళ మధ్య నలిపితే పలుకు తగలకూడదు. చల్లారాక మిక్సీలో వేసి, సన్నజల్లెడలో గరిటెతో రుద్ది వడగట్టాలి. జల్లెడలో మిగిలింది ఎంత తక్కువైతే అంత మంచిది. తర్వాత మళ్ళీ పొయ్యి మీద పెట్టి, చిక్కదనం సరిచెయ్యాలి. గరిటె ముంచి తీస్తే దాని వెనక పలచటి పొర నిలవాలి. నిలవకుండా జారిపోతే నాకు పొలమారేది. నిలిచి ముద్దగా ఉంటే గొంతులో అంటుకునేది.

నెయ్యిలో పావుచెంచా జీలకర్ర వేసి, రంగు మారకముందే దించి, ఆ నెయ్యిని టీ వడపోతలోంచి కట్టులోకి వంచేవాళ్ళు. జీలకర్ర బయటే ఉండిపోవాలి. పుండు మీద ఒక్క గింజ గుచ్చుకుంటే ఆ పూటంతా పోయినట్టే. ఈ పని మాత్రం నేను నిద్రపోతున్నప్పుడు, వంటింటి తలుపు వేసి, కిటికీ తెరిచి చేసేవాళ్ళు. ఉప్పు నోటికి తెలియనంత. నాకు ఉప్పు చేదుగా ఉండేది కాబట్టి అమ్మ తన నోటితో రుచి చూసి, తనకు చప్పగా ఉందనిపించినప్పుడు ఆపేసేది.

50 గ్రాముల పప్పులో దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులు, 170 క్యాలరీలు ఉంటాయి. పెద్ద చెంచాడు నెయ్యిలో ఇంకో 120. రోజు మొత్తం తాగితే మూడువందల క్యాలరీల లెక్క. 1,800కి ఇది ఏ మూలకూ రాదు. మిగతాది ఫార్మసీలో అమ్మే పోషక పానీయాల డబ్బాలతో నింపాలి. డబ్బాల మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇంటి సూప్‌తోనే మనిషి కోలుకున్నాడని మన వాట్సాప్ కథల్లో రాస్తారు. నేను అలా కోలుకోలేదు. డబ్బాలు లేకపోతే నేను లేను.

గోరువెచ్చగా తాగడంలో ఇంకో సుఖం ఉంది. వేడిగా ఉన్నదాని వాసన ఎక్కువ, చల్లారిన దానికి తక్కువ. వెండిగ్లాసు లోహపు రుచి వస్తుందని పింగాణీ కప్పు తెచ్చారు. చెంచా కూడా ప్లాస్టిక్‌దే. కప్పులో సగమే పోసేవాళ్ళు. నిండు కప్పు చూస్తే కడుపులో తిప్పేది, సగం కప్పు చూస్తే ఏమీ అనిపించేది కాదు, ఏమీ అనిపించకపోవడమే ఆ రోజుల్లో గొప్ప.

మింగడం కన్నా కష్టం ఇంకొకటి ఉంది. నేను తినడాన్ని మావాళ్ళు చూడటం. చెంచా నోటిదాకా వెళ్తుంటే ఆరు కళ్ళు దాని వెంట వచ్చేవి. గుటక పడితే అమ్మ కూడా గుటక వేసేది. పడకపోతే ఎవరూ ఏమీ అనరు, ఆ అనకపోవడం నేను భరించలేకపోయేదాన్ని. "ఇంకొక్క చెంచా అమ్మా, నా కోసం," అని అమ్మ. "ఇంతేనా?" అనబోయి మింగేసే మా ఆయన. ప్రేమ ఉన్నవాళ్ళందరికీ నేను చెంచాల లెక్క బాకీ పడ్డాను. ఈ ఊళ్ళో పలకరింపు కూడా అదే. లిఫ్టులో ఎవరు కనిపించినా "మకాన్ ఆల్రెడీ?" అంటారు, తిన్నావా అని. మన ఊళ్ళో భోంచేశారా అంటాం కదా, అంతే. దానికి జవాబు చెప్పలేక మెట్లు దిగి వెళ్ళిన రోజులున్నాయి, మోకాళ్ళలో సత్తువ లేకపోయినా.

ఇంట్లో దీన్ని తేల్చింది మా అబ్బాయి. వాడికప్పుడు పన్నెండేళ్ళు. నా ఫోన్లో గంటగంటకూ అలారం పెట్టాడు. అలారం మోగితే సగం కప్పు కట్టు నా పక్కన బల్ల మీదకు వస్తుంది, తెచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలి. కప్పు ఖాళీ అయిందో లేదో ఎవరూ అడగకూడదు. మిగిలింది పారబొయ్యాలి, నా ఎదురుగా కాదు. అమ్మకు ఈ ఏర్పాటు అస్సలు నచ్చలేదు, పారబొయ్యడం మహాపాపం. అయినా ఒప్పుకుంది. మనుషులు పక్కకు తప్పుకున్నాక నేను తాగింది మునుపటికన్నా ఎక్కువే.

ఎదురింట్లో చైనీస్ ఆవిడ ఉండేది. ఆంటీ అనేవాళ్ళం. అమ్మ వయసే. అమ్మకు ఇంగ్లిష్ రాదు, ఆవిడకు కూడా అంతంతమాత్రం. రెండో రోజునుంచే అమ్మ ఆవిణ్ణి వదినగారూ అని పిలవడం మొదలుపెట్టింది. నా విషయం తెలిసి ఒకరోజు ఆంటీ స్టీలు క్యారియర్‌లో తెల్లటి సూప్ తెచ్చింది. చేపను నూనెలో కాస్త వేపి, మరిగే నీళ్ళు పోసి, గంటల తరబడి సన్నమంట మీద కాచి, గుడ్డలో వడగట్టిన రసం. అడుగున ఒక చిన్న ముక్క మిగిలితే అమ్మ దాన్ని వేళ్ళతో తీసి చూసి, "ఇది కొర్రమీను కదే!" అంది. నేను నమ్మలేదు. ఆంటీ తన ఫోన్లో బొమ్మ చూపించింది. నల్లటి వీపు, పాము తల. కొర్రమీనే.

ఇక్కడ దాన్ని హరువాన్ అంటారు. ఆపరేషన్ అయినవాళ్ళకు, బాలింతలకు దాని సూప్ ఇస్తే గాయం త్వరగా మానుతుందని చైనీయులకూ మలయ్‌లకూ గట్టి నమ్మకం. మలేషియాలో దాని మీద పరిశోధనలు కూడా జరిగాయి. చైనాటౌన్ మార్కెట్‌లో తొట్టెల్లో బతికున్నవి అమ్ముతారు. మన దగ్గర అది తెలంగాణ రాష్ట్ర చేప. కొల్లేటి ఒడ్డున పుట్టిన అమ్మకైతే అది చుట్టం. అయితే అమ్మకు తెలిసిన కొర్రమీను చింతపండు పులుసులో, పచ్చిమిరపకాయలతో, మర్నాటికి ఇంకా రుచెక్కేది. దాన్ని ఇలా తెల్లగా, ఉప్పూకారం లేకుండా కాచి, ముక్కలు పారేసి నీళ్ళు తాగడం ఆవిడకు మింగుడుపడలేదు. "పాపం చేప," అంది.

ఆ సూప్ నాకు మొదటి చెంచా దిగింది, రెండోది దిగింది, మూడోదానికి నీచువాసన తెలిసింది. అంతే. డాక్టరును అడిగితే, చేప సూప్ మంచిదే, తాగగలిగితే తాగు, మానుతుందో లేదో నేను చెప్పలేను అన్నాడు. ఆంటీ ఏమీ అనుకోలేదు. మా వంటింట్లోకి వచ్చి కుక్కర్ మూత తీసి కట్టు చూసి, "టావ్ సువాన్!" అంది. ఆ పేరు నాకు తెలుసు. హాకర్ సెంటర్లో ఇదే పొట్టుతీసిన పెసరపప్పును తియ్యటి పాకంలో ఉడికించి, చిక్కబరిచి, పైన నూనెలో వేపిన పిండి ముక్కలు వేసి ఇస్తారు. ఉప్పుతో చేస్తారా అని ఆవిడ ఆశ్చర్యం, పంచదారతో చేస్తారా అని అమ్మ ఆశ్చర్యం. ఆ పూట ఇద్దరూ కలిసి వంటింట్లో చాలాసేపు ఉన్నారు. ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ తర్వాత జల్లెడ కన్నా మెత్తగా వడకట్టే గుడ్డసంచి మా ఇంటికి వచ్చింది.

రేడియేషన్ అయిపోతే తగ్గుముఖం పడుతుందనుకుంటారు. అసలు కష్టం అయిపోయాకే. చివరి రోజు తర్వాత రెండు మూడు వారాలు లోపల కాలుతూనే ఉంటుంది. డిసెంబరు చివర్లో నీళ్ళు కూడా దిగడం మానేశాయి. కట్టు పొలమారడం మొదలైంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అమ్మ నెత్తి మీద తట్టేది, వరసగా పేర్లు చెప్పేది, పిన్ని, మేనత్త, చిన్నాన్న. మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టు మాత్రం అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుందని భయపడింది. పరీక్ష చేసి గొట్టం వెయ్యాలన్నారు.

గొట్టం వేసేటప్పుడు నర్సు ఒక చేత్తో గొట్టం తోస్తూ, "గుటక వెయ్యి, గుటక వెయ్యి," అంటూనే ఉంది. పుళ్ళు పడిన గొంతులో గుటక. అంతకన్నా రాయను.

గొట్టంలోంచి వెళ్ళేది ఫార్ములా మాత్రమే. కట్టు అందులోంచి పోస్తానని అమ్మ ఎంత బతిమాలినా వద్దన్నారు, నలుసు అడ్డం పడితే గొట్టం మూసుకుపోతుంది, ఎంత పోషకం వెళ్తోందో లెక్క తెలియదు. అమ్మ దుఃఖపడింది. వారాల తరబడి ఆవిడ చేతిలో ఉన్న పని ఒక్కటే, అది కూడా పోయింది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, గొట్టం వేసిన రాత్రి చాలా హాయిగా నిద్రపట్టింది. రేపు ఏం మింగాలి అన్న భయం లేదు.

నాలుగు రోజులయ్యాక స్పీచ్ థెరపిస్టు ఇంకో మాట చెప్పింది. మింగే కండరాలను వాడకపోతే బిగుసుకుపోతాయి, తర్వాత గొట్టం తీసినా మింగడం రాదు. అందుకని నాలుక కొసను పళ్ళ మధ్య పట్టుకుని ఉత్తి గుటకలు వెయ్యాలి, గడ్డం వంచి మింగాలి, రోజుకు కొన్ని చెంచాలు ఏదైనా నోటితోనే తీసుకోవాలి. ఆకలి కోసం కాదు, కండరం కోసం. ఏది తీసుకుంటావు అని అడిగి, కట్టు చిక్కదనం చెంచాతో ఎత్తి చూసి, ఇది సరిపోతుంది అంది. ఆ మాట మా ఆయన తెలుగులో చెప్పగానే అమ్మ లేచి వెళ్ళి పప్పు నానేసింది. పెసరపప్పు నానెయ్యక్కర్లేదు. అయినా నానేసింది.

సంక్రాంతి ముందు ముసురు అప్పుడే పట్టింది. బయట ఉలు పండాన్ కాలవ మట్టిరంగులో పొంగి పారుతోంది, కిటికీ అద్దాల మీద చెమ్మ. నేను దుప్పట్లలో కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, ఒక చెంచా కట్టు, ఒక ఉత్తి గుటక, మళ్ళీ ఒక చెంచా. ఐదారు చెంచాలకు అరగంట. చలికి కట్టు త్వరగా చల్లారిపోయేది, మా అబ్బాయి వేడినీళ్ళ గిన్నెలో కప్పు పెట్టి ఉంచేవాడు. గోరువెచ్చటిది గొంతులోంచి ఛాతీలోకి దిగుతుంటే అంతదూరం దారి తెలిసేది. రుచి లేదు, వాసన లేదు, ఆ వెచ్చదనం మాత్రం ఉంది. అప్పటికి దాన్ని ఆకలి అనలేను. కానీ అలారం మోగకముందే కప్పు కోసం చూసిన రోజు ఒకటి ఆ వారంలోనే వచ్చింది. కనుమ రోజు అమ్మ మినప్పప్పు రుబ్బి గారెలు చెయ్యలేదు. ఇంట్లో అందరం కట్టే తాగాం, వాళ్ళు మాత్రం తమ గిన్నెల్లో నిమ్మకాయ పిండుకున్నారు.

ఫిబ్రవరిలో గొట్టం తీశారు. కట్టులోకి గిలక్కొట్టిన గుడ్డు సన్నధారగా చేరింది, తర్వాత మెత్తగా ఉడికిన అన్నం, ఆ తర్వాత ఆంటీ చేప సూప్. ఈసారి క్యారియర్ ఖాళీ చేసి, కడిగి, అందులో పెసరపప్పు పోసి ఇచ్చాం, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అమ్మ పట్టు. మార్చి 18న ఉగాది. పచ్చడి వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు తెలిసింది. బెల్లం కొంచెం తెలిసింది. పులుపు మండింది. వేపపువ్వు చేదో, నా నోటి చేదో చెప్పలేకపోయాను.

ఇప్పటికీ నీళ్ళసీసా లేకుండా గడప దాటను. పొడి అన్నం, రొట్టె, వేరుశనగలు నీళ్ళు లేకుండా దిగవు. ఆవకాయ వాసన చూసి మూత పెట్టేస్తాను. రాత్రి రెండుసార్లు లేచి నోరు తడుపుకుంటాను. ఇవి పోవని చెప్పారు, పోలేదు.

తెలిసినవాళ్ళ ద్వారా నంబరు కనుక్కుని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. మొన్న వుడ్‌లాండ్స్ నుంచి ఒకాయన, భార్యకు మూడో వారం నడుస్తోంది. "చారు పెట్టొచ్చా అండీ, మిరియాలు తగ్గించి?" అన్నారు. ఇప్పుడు వద్దన్నాను. ముందు స్పీచ్ థెరపిస్టును అడిగి, పలచటివి మింగొచ్చో లేదో కనుక్కోమన్నాను. కొలతలు చెబితే రాసుకున్నారు. నెయ్యి తగ్గించొద్దన్నాను, ఆవిడకు కొలెస్టరాల్ ఉందన్నారు, అది డాక్టరును అడగమన్నాను. డబ్బాలు మానెయ్యొద్దన్నాను. చివర్లో, మళ్ళీ ఎప్పటికి మామూలుగా తింటుందండీ అని అడిగారు. నాకు ఉప్పు తెలియడానికి ఉగాది దాకా పట్టిందని, కారం ఇంకా రాలేదని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జల్లెడ ఏ సైజుది కొనాలి?" అన్నారు. టీ వడపోతంత సన్నది చాలదని, గుడ్డసంచి కొనమని, అది ఏ వరసలో దొరుకుతుందో చెప్పాను.